వెబ్‌సైటు బయటివారితో రాయించుకుంటే సోర్స్ కోడ్ ఎవరిది, ఎవరి దగ్గర?

విశాఖపట్నంలో ఐటీ అనగానే ఇప్పుడు అందరి చూపూ రుషికొండ వైపే పోతోంది. అక్కడి మూడో నంబరు ఐటీ హిల్‌పై టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకు కేటాయించాలన్న 2025 ఏప్రిల్ నాటి ప్రభుత్వ నిర్ణయం, అదే ఏడాది అక్టోబరులో వెలువడిన గూగుల్ డేటా సెంటర్ ప్రకటన పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి. ఈ ఊరి వ్యాపారులకు రోజువారీ పని చేసిపెట్టే ఐటీ మాత్రం ఆ కొండల మీద లేదు. ద్వారకానగర్ కాంప్లెక్సుల పై అంతస్తుల్లోనూ, ఎంవీపీ కాలనీ, మధురవాడ ఫ్లాట్లలోనూ ఉంది. మందుల డిస్ట్రిబ్యూటరుకు ఆర్డర్లు తీసుకునే పోర్టల్ కావాలన్నా, రొయ్యల ఎగుమతిదారుకు లాట్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ కావాలన్నా, రాసేది ముగ్గురు నలుగురు కలిసి నడిపే చిన్న సంస్థో, ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సరో. నేను కొన్నేళ్లు ఆ వైపు కూర్చుని కోడ్ రాసినవాడినే. ఇప్పుడు రాయించుకునేవారి వైపు కూర్చుని వారి ఒప్పందాలూ, కోడ్ భద్రపరిచే రిపోజిటరీలూ చూసిపెడుతున్నాను.

రాయించుకునే యజమాని నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: రాసినవాడు ఆ కోడ్‌ను కాపీ చేసుకుని మా పోటీదారుకు అమ్మేస్తే ఏం చేయాలి? ఆ భయం అర్థం లేనిది కాదు గానీ, నేను చూసినంతలో నష్టం ఎక్కువగా వచ్చింది వేరే దారిన. కోడ్ ఇంకొకరి చేతికి వెళ్లడం వల్ల కాదు, యజమాని చేతికి అసలెన్నడూ రాకపోవడం వల్ల. పోర్టు దగ్గర సరుకు క్లియరెన్స్ పనులు చూసే ఒక ఏజెన్సీ తన బిల్లుల కోసం ఒక వెబ్ సాఫ్ట్‌వేర్ రాయించుకుని, సొమ్మంతా చెల్లించింది. రాసిన యువకుడు మంచివాడే, పనిమంతుడే. అతనికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక, ఇన్‌వాయిసులో ఒక్క గడి మార్చవలసి వచ్చినప్పుడు తేలిందేమిటంటే, సర్వరు అతని పేరు మీద ఉంది, డొమైను అతని ఈమెయిలుకు ముడిపడి ఉంది, కోడ్ అతని పాత లాప్‌టాప్‌లో ఉంది. ఇందులో దొంగతనం చేసినవారు ఎవరూ లేరు, అయినా ఏజెన్సీ దగ్గర ఏమీ లేదు. అందుకే సోర్స్ కోడ్‌ను, అంటే డెవలపరు రాసిన అసలు ప్రోగ్రామును, కాపాడుకోవడమంటే నా లెక్కలో మొదట దాన్ని మొత్తంగా మన పేరు మీదికీ, మన స్వాధీనంలోకీ తెచ్చుకోవడం. ఇతరుల కంట పడకుండా చూసుకోవడం ఆ తర్వాతి పని.

దాచడం సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే దానిలో చెప్పవలసింది తక్కువ. వెబ్‌సైటులో బ్రౌజరుకు చేరే భాగం, అంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, చూడదలచుకున్న ప్రతివారికీ కనిపిస్తుంది. దాన్ని కుదించి, పేర్లు మార్చి, చదవడానికి వీల్లేకుండా చేసే ఉపకరణాలు ఉన్నాయి గానీ, అవి ఓపికలేనివాడిని ఆపుతాయి, పట్టుదల ఉన్నవాడిని ఆపలేవు. పైగా, కుదించిన ఫైలుతో పాటు దాన్ని అసలు కోడ్‌తో జతపరిచే సోర్స్ మ్యాప్ అనే ఫైలును కూడా తెలియక సర్వరులో పెట్టేస్తే అసలు కోడ్ పేర్లతో సహా బయటికి వచ్చేస్తుంది. ధర లెక్కించే సూత్రమో, డిస్కౌంటు నియమమో నిజంగా వ్యాపార రహస్యమైతే దాన్ని బ్రౌజరుకు పంపకుండా సర్వరులోనే ఉంచమని చెప్పాలి. సర్వరు వైపు కోడ్ మామూలుగా బయటివారికి కనబడదు. అయితే కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ అనే ఉపకరణం తన చరిత్రను దాచుకునే ఫోల్డరును, చుక్కతో మొదలయ్యే పేరు గలదాన్ని, వెబ్‌సైటు ఫైళ్లతో పాటే సర్వరులోకి ఎక్కించి, దానికి బయటి దారి మూయకుండా వదిలేస్తే ఎక్కడినుంచైనా మొత్తం కోడ్‌ను దింపుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ ప్యాకేజీకి డబ్బు పెడతామనే యజమానులకు నేను ముందు ఈ రెండూ చూసుకోమని చెబుతుంటాను. ఈ రెండింటికీ ఖర్చు లేదు.

ఇక అసలు విషయం, యాజమాన్యం. డబ్బు ఇచ్చాను కాబట్టి కోడ్ నాదే అని అందరూ అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. మన కాపీరైటు చట్టం, 1957లో కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచన అనే నిర్వచనం కిందికి వస్తుంది, కాబట్టి కథ రాసినవారికి ఉండే హక్కులే కోడ్ రాసినవారికీ ఉంటాయి. సెక్షన్ 17 ప్రకారం రచన చేసినవారే దాని మొదటి హక్కుదారులు. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి మాత్రం, వేరే ఒప్పందం లేనంతవరకు, యజమానే మొదటి హక్కుదారు అవుతారు. జీతమిచ్చి పెట్టుకున్న డెవలపరుకు ఈ మినహాయింపు వర్తిస్తుంది. పని అప్పగించి బిల్లు చెల్లించే కాంట్రాక్టరుకు వర్తించదు. ఫోటో, చిత్రపటం, సినిమా వంటి కొన్నింటిని సొమ్మిచ్చి చేయించుకుంటే హక్కు చేయించుకున్నవారికే చెందుతుందని అదే సెక్షన్‌లో మరో మినహాయింపు ఉంది గానీ, ఆ జాబితాలో సాఫ్ట్‌వేరు లేదు. పెళ్లికి ఫోటోగ్రాఫరును పెట్టుకున్నవారికి చట్టం ఇచ్చిన వెసులుబాటు వెబ్‌సైటు రాయించుకున్నవారికి ఇవ్వలేదన్న మాట. లక్షలు చెల్లించిన యజమానికి, రాతపూర్వకంగా ఏమీ లేనప్పుడు, ఆ కోడ్‌ను వాడుకునే అనుమతి ఉందని వాదించుకునే అవకాశం మాత్రం మిగులుతుంది. దాన్ని మార్పించి ఇంకో శాఖకు పెట్టుకోవాలన్నా, వ్యాపారంతో పాటు అమ్ముకోవాలన్నా, ఎవరైనా కాపీ కొడితే దావా వేయాలన్నా హక్కు పత్రం అడుగుతారు.

ఆ పత్రం ఎలా ఉండాలో సెక్షన్ 19 చెబుతుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, ఏ రచన, ఏయే హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలానికి అన్నవి అందులో ఉండాలి. కాలం రాయడం మరిచిపోతే ఐదేళ్లకే బదిలీ అయినట్టు లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. రొయ్యలను అమెరికాకూ, జపానుకూ పంపే సంస్థ తన పోర్టల్‌ను అక్కడి కొనుగోలుదార్లకు కూడా తెరవాలనుకుంటే ఈ ఒక్క మాట లేకపోవడం అడ్డుపడుతుంది. మూడోది మరీ చిత్రమైనది: బదిలీ అయిన హక్కులను ఏడాదిలోగా వినియోగించుకోకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోనంతవరకు, ఆ బదిలీ ఆ హక్కుల మేరకు రద్దయినట్టే భావిస్తారు. సగంలో ఆపి పక్కన పెట్టిన మాడ్యూళ్లు, అంటే సాఫ్ట్‌వేరు భాగాలు, ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటాయి కాబట్టి ఇది కాగితాలకే పరిమితమైన భయం కాదు. అందువల్ల శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, ఏడాదిలోగా వాడకపోయినా చెల్లేలా అన్న మూడు సంగతులూ ఒప్పందంలో ఉన్నాయా లేవా అన్నది నేను ముందుగా వెతుకుతాను. ఇంకా రాయని కోడ్‌కు కూడా ముందే బదిలీ రాసుకోవచ్చు. అయితే సెక్షన్ 18 ప్రకారం కోడ్ పుట్టిన తర్వాతే ఆ బదిలీ అమల్లోకి వస్తుంది. అందుకని మొదటి ఒప్పందంతో ఆగకుండా, ప్రతి దశ పూర్తయి బిల్లు చెల్లించేటప్పుడు ఫలానా తేదీ వరకు రాసినదంతా బదిలీ అయిందని ఒక పేజీ కాగితం మీద సంతకం పెట్టించుకోవడం మంచిది.

ఇంటర్నెట్టు నుంచి దింపుకున్న ఒప్పందాల నమూనాల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. వాటిలో ‘వర్క్ ఫర్ హైర్’, అంటే హక్కు చేయించుకున్నవారిదే, అనే వాక్యం ఒకటి గంభీరంగా కనిపిస్తుంది, దాన్ని చూసి అంతా అయిపోయిందని యజమాని నిశ్చింతగా ఉంటారు. అది అమెరికా చట్టంలోని ఏర్పాటు. అక్కడ కూడా అది కాంట్రాక్టరు రాసిన ప్రతిదానికీ వర్తించదు. 1989లో ఒక శిల్పి కేసులో అక్కడి సుప్రీంకోర్టు, శిల్పి ఉద్యోగి కాడు, స్వతంత్రంగా పనిచేసినవాడు కాబట్టి ఆ శిల్పం ఆ ఏర్పాటు కిందికి రాదని తేల్చింది. ఇక్కడ విశాఖపట్నంలో ఇద్దరు తెలుగువాళ్లు వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఆ వాక్యం రాసుకుంటే, దానితో పాటు సెక్షన్ 19 కోరే వివరాలేవీ లేకపోతే, అది బలమైన పత్రం కాదు. అడ్వకేటుకు ఇచ్చే ఫీజు ఇక్కడ ఖర్చు పెట్టడం సబబు.

ఒప్పందం మీద సంతకం పెట్టినవాడే కోడంతా రాశాడా అన్నది తర్వాతి ప్రశ్న. మన ఊళ్లో చిన్న సంస్థలు పని ఎక్కువైనప్పుడు కాలేజీ జూనియరుకో, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంట్లో కూర్చుని పనిచేసే మిత్రుడికో ఒక మాడ్యూల్ అప్పగించేస్తాయి. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు, నేను కూడా అలాగే పని నేర్చుకున్నాను. కానీ ఆ మిత్రుడు రాసిన భాగానికి మొదటి హక్కుదారు ఆ మిత్రుడే. అతను సంస్థకు బదిలీ రాయకపోతే, సంస్థ తనకు లేని హక్కును యజమానికి ఇవ్వలేదు. కాబట్టి సబ్ కాంట్రాక్టు ఇవ్వదలిస్తే ముందుగా చెప్పాలనీ, ఆ వ్యక్తి చేత కూడా ఇదే బదిలీ పత్రం, ఇదే గోప్యత షరతు మీద సంతకం పెట్టించాలనీ రాసుకోవాలి. ఎవరెవరు రాశారో తెలుసుకోవడానికి గిట్ చరిత్ర చూస్తే చాలు. ప్రతి కమిట్‌కూ, అంటే నమోదైన ప్రతి మార్పుకూ, ఒక పేరు, ఒక ఈమెయిలు ఉంటాయి. ఆ పేర్లు ఎవరైనా ఇష్టం వచ్చినట్టు పెట్టుకోగలరు కాబట్టి అదే తుది సాక్ష్యం కాదు గానీ, ఎవరిని అడగాలో చెబుతుంది.

అదే సమయంలో కాంట్రాక్టరు సొంత సరుకునంతా మనకు రాసిచ్చేయమనడం న్యాయం కాదు. అనుభవమున్న ప్రతి డెవలపరు దగ్గరా లాగిన్ కోసం, పీడీఎఫ్ బిల్లుల కోసం, ఎక్సెల్ దిగుమతి కోసం తాను ఎప్పుడో రాసుకున్న ముక్కలు ఉంటాయి, అవి ప్రతి ప్రాజెక్టులోకీ వస్తాయి. వాటి హక్కు అతనికే ఉంచి, మన ప్రాజెక్టులో శాశ్వతంగా వాడుకోవడానికీ, మార్చుకోవడానికీ, ఇంకొకరితో మార్పించుకోవడానికీ లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది. అవి ఏవో ముందే ఒక పట్టికగా ఒప్పందానికి జత చేయించాలి. లేకపోతే తర్వాత ప్రతి ఫైలూ తన పాత సరుకేనంటారు. ఎవరైనా వాడుకునేలా కోడ్‌ను బయటపెట్టిన ఓపెన్ సోర్స్ భాగాలకు మరో లెక్క ఉంది: వెబ్‌సైట్లు కట్టడానికి వాడే లారావెల్ వంటివి ఎంఐటీ లైసెన్సు కింద వస్తాయి, వాటితో పేచీ తక్కువ, వర్డ్‌ప్రెస్ జీపీఎల్ కింద వస్తుంది, దాని ఆధారంగా చేసిన ప్లగిన్‌ను, అంటే దానికి తగిలించే అదనపు భాగాన్ని, ఇతరులకు పంచినా, అమ్మినా అదే లైసెన్సు షరతులు వెంట వస్తాయి. సొంత వ్యాపారానికి వాడుకునేవారికి దీనితో ఇబ్బంది లేదు. ఆ సాఫ్ట్‌వేరునే ఉత్పత్తిగా మార్చి ఇతర డిస్ట్రిబ్యూటర్లకు అమ్మాలనుకునేవారు మాత్రం మొదటి రోజే చెప్పాలి, ఎందుకంటే దేని మీద కట్టాలన్న నిర్ణయం దాన్ని బట్టే మారుతుంది.

కాగితాల తర్వాత రిపోజిటరీ. నా పట్టుదల ఇక్కడ ఒక్కటే: గిట్ రిపోజిటరీలను ఇంటర్నెట్టులో ఉంచే గిట్‌హబ్‌లో గానీ గిట్‌ల్యాబ్‌లో గానీ సంస్థ ఖాతాను యజమాని తన వ్యాపారపు ఈమెయిలుతో తెరవాలి, రిపోజిటరీ ఆ ఖాతాలో పుట్టాలి, కాంట్రాక్టరు అందులోకి అతిథిగా రావాలి. అన్నీ అయ్యాక బదిలీ చేస్తానన్న మాట మీద అతని సొంత ఖాతాలో మొదలుపెట్టనివ్వకూడదు. గిట్‌హబ్‌లో ప్రైవేటు రిపోజిటరీలు ఉచితంగానే దొరుకుతాయి, కాబట్టి ఖర్చు సాకు చెల్లదు. అతనికి కోడ్ రాసి పంపే అధికారం చాలు, నిర్వాహక అధికారం అక్కర్లేదు. రోజూ పని ముగిసేలోగా ఆ రోజు రాసింది అక్కడికి చేరాలని ఒప్పందంలోనే రాసుకోవచ్చు. ఇలా చేస్తే మధ్యలో గొడవ వచ్చినా, అతనికి జ్వరం వచ్చినా, పోయేది ఒకటి రెండు రోజుల పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఒకే గదిలోని కంప్యూటరు మీద ఆధారపడడమంటే ఏమిటో ఆ రోజులు చూసినవారికి వేరే వివరించనక్కరలేదు.

యజమాని ఖాతాలో ఉన్నా, గిట్ స్వభావం ఒకటి గుర్తుంచుకోవాలి. ఎవరు క్లోన్ చేసుకున్నా, అంటే నకలు తీసుకున్నా, మామూలుగా మొదటి కమిట్ నుంచి చివరి దాకా చరిత్రంతా వారి యంత్రంలోకి వస్తుంది. కాబట్టి కాంట్రాక్టరు పని చేయగలగాలి, కానీ అతని దగ్గర కాపీ ఉండకూడదు అన్న కోరిక తీరేది కాదు. చేయగలిగిందల్లా అతనికి అక్కరలేని భాగాలను వేరే రిపోజిటరీలో ఉంచడం. బయట కనిపించే వెబ్‌సైటు పేజీలు చేసేవాడికి ధరల లెక్కలు, కమిషన్ల లెక్కలు ఉన్న కోడ్‌ను చూపవలసిన పని లేదు. ఆ భాగం నుంచి ఏపీఐ ద్వారా, అంటే రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే దారిలో, జవాబు వస్తే చాలు. ఇలా విడగొట్టడం పెద్ద సంస్థలకు సులువు, చిన్నవారికి అదనపు శ్రమ. నిజంగా రహస్యమైనది ఉందనుకుంటేనే ఆ శ్రమ పడమంటాను. చాలా వ్యాపారాలకు కోడ్‌లో అంత రహస్యం ఉండదు. ఉన్నదల్లా ఖాతాదారుల జాబితాలోనూ, సరఫరాదారుల ధరల్లోనూ ఉంటుంది, అది డేటా, కోడ్ కాదు.

కోడ్ కంటే ప్రమాదకరమైనవి కోడ్ లోపల మరిచిపోయిన తాళాలు. టొయోటా సంస్థ ఉదంతం కాంట్రాక్టర్లతో పని చేయించుకునే ప్రతివారూ చదవాలి. కార్లను ఇంటర్నెట్టుతో కలిపే దాని టీ-కనెక్ట్ సేవ వెబ్‌సైటును తయారుచేసిన కాంట్రాక్టరు 2017 డిసెంబరులో సోర్స్ కోడ్‌లో కొంత భాగాన్ని గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేశాడు. 2022 సెప్టెంబరు దాకా ఎవరూ గమనించలేదు. ఆ కోడ్‌లో డేటా సర్వరుకు వెళ్లే కీ, అంటే పాస్‌వర్డు లాంటి రహస్య అక్షరాల వరుస, ఉంది, దానివల్ల 2,96,019 మంది ఖాతాదారుల ఈమెయిలు చిరునామాలు బయటపడే స్థితిలో ఉన్నాయని సంస్థే ప్రకటించవలసి వచ్చింది. ఊబర్ విషయంలో రిపోజిటరీ ప్రైవేటుగానే ఉంది. 2016లో చొరబాటుదార్లు దానిలోకి దూరి, అక్కడ దొరికిన అమెజాన్ కీతో 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు తీసుకున్నారు. ఈ రెండు చోట్లా నష్టం కోడ్ పోవడం వల్ల రాలేదు, కోడ్‌లో కీ ఉండడం వల్ల వచ్చింది.

మన స్థాయిలో ఆ కీలు అంటే పేమెంట్ గేట్‌వే కీ, ఎస్ఎంఎస్ పంపే ఏపీఐ కీ, డేటాబేస్ పాస్‌వర్డు, ఈమెయిలు సర్వరు పాస్‌వర్డు. వీటిని కోడ్‌లో కాకుండా సర్వరులోని ఎన్వ్ (.env) అనే సెట్టింగుల ఫైలులోనో, క్లౌడ్ సంస్థలు ఇచ్చే రహస్యాల భాండాగారంలోనో ఉంచాలి, ఆ ఫైలు గిట్‌లోకి ఎక్కకుండా మొదటి కమిట్‌కు ముందే ఏర్పాటు చేయాలి. పొరపాటున ఎక్కితే, తర్వాతి కమిట్‌లో తీసేసినంత మాత్రాన చాలదు. పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. అప్పుడు చేయవలసింది ఆ కీని రద్దు చేసి కొత్తది తెచ్చుకోవడమే. కాంట్రాక్టరుకు పరీక్షల కోసం గేట్‌వే వారు ఇచ్చే టెస్ట్ కీలు మాత్రమే ఇచ్చి, అసలు కీలను ప్రత్యక్ష సర్వరులో యజమాని తరఫు మనిషి పెట్టడం నేను పాటించే పద్ధతి. ఖాతాలన్నీ యజమాని పేరు మీదే ఉండాలన్నది దీనికి తోడు: డొమైను, హోస్టింగు, పేమెంట్ గేట్‌వే, వాటితో పాటు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం వ్యాపార ఎస్ఎంఎస్‌లకు తప్పనిసరైన డీఎల్‌టీ నమోదు. ఓటీపీ ఇంకొకరి ఫోనుకు వెళ్లే ఖాతా ఏదీ మనది కాదు.

అదే వరసలో పరీక్షల డేటా. సాఫ్ట్‌వేరు బాగా పనిచేస్తుందో లేదో చూడడానికి అసలు ఖాతాదారుల డేటాబేసును మొత్తంగా వాట్సాప్‌లో పంపేసే అలవాటు ఇంకా ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. మన తరఫున డేటాను వాడే కాంట్రాక్టరు దగ్గర తప్పు జరిగినా జవాబుదారీ మనదేనని ఆ చట్టం చెబుతోంది. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. పేర్లూ, ఫోన్ నంబర్లూ మార్చిన నకిలీ డేటా తయారుచేయడానికి సగం పూట పడుతుంది.

ఈ మధ్య ఒప్పందాల్లో నేను కొత్తగా చేర్పిస్తున్న షరతు ఏఐ ఉపకరణాల గురించి. 2023లో శాంసంగ్ ఉద్యోగులు సంస్థ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో అతికించిన సంగతి బయటికొచ్చాక ఆ సంస్థ అలాంటి ఉపకరణాల వాడకాన్నే ఆపేసింది. ఇప్పుడు వాటిని వద్దనడం జరిగే పని కాదు, పని వేగం వాటివల్లే పెరుగుతోంది కూడా. వ్యక్తిగత ఉచిత ఖాతాలో కాకుండా, మనం పంపే కోడ్‌తో మోడళ్లకు శిక్షణ ఇవ్వబోమని రాతపూర్వకంగా హామీ ఇచ్చే వ్యాపార ఖాతాలోనే వాడాలనీ, కీలనూ ఖాతాదారుల డేటానూ ఎక్కడా అతికించకూడదనీ రాసుకుంటే చాలు.

చెల్లింపుల పద్ధతి కూడా రక్షణలో భాగమే. చివరి వాయిదాను సైటు తెర మీద కనిపించినందుకు కాదు, ఇంకొకరు దాన్ని మొదటినుంచీ నిలబెట్టగలిగినందుకు ఇవ్వాలి. అంటే ప్రాజెక్టుతో సంబంధం లేని మరో డెవలపరు, మన రిపోజిటరీలోని కోడ్‌నూ, అందులో రాసి ఉన్న సూచనలనూ మాత్రమే ఆధారం చేసుకుని, ఖాళీ సర్వరు మీద సైటును నడిపించి చూపాలి. ఆ పరీక్షలో ఏదో ఒకటి తప్పకుండా బయటపడుతుంది: కోడ్‌లో లేని ఒక లైబ్రరీ, చేత్తో సర్వరులో మార్చి మరిచిపోయిన ఒక ఫైలు, డేటాబేసు పట్టికలు సృష్టించే స్క్రిప్టు లేకపోవడం. వాటన్నిటినీ సరిచేయించాకే సొమ్ము. ఇది కాంట్రాక్టరును వేధించడం కాదు, సరిచేయగానే ఆలస్యం లేకుండా చెల్లించేటట్టయితే. నేను అటువైపు ఉన్నప్పుడు చూసిందేమిటంటే, కోడ్ ఇవ్వకుండా బిగబట్టుకునేవారిలో చాలామంది దుర్మార్గులు కారు. మూడు బిల్లులు ఎగ్గొట్టించుకుని, తమ దగ్గర మిగిలిన ఏకైక పట్టు అదే అనుకునేవారు. ఏ దశకు ఎంత, ఎన్ని రోజుల్లో చెల్లిస్తామో రాసి, ఆ మాట నిలబెట్టుకునే యజమానికి కోడ్ ఆగదు.

ఇన్ని చేశాక కూడా కోడ్ నిజంగా కాజేస్తే? మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. అలాంటిది తేవాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. ఈలోగా ఆధారం గోప్యత ఒప్పందమూ, కాపీరైటు చట్టమూ, ఐటీ చట్టమూ. గోప్యత ఒప్పందంలో కొందరు అత్యాశకు పోయి, మా పని అయిపోయాక మూడేళ్ల వరకు మా రంగంలో ఎవరికీ పని చేయకూడదని రాయిస్తారు. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 27 ప్రకారం వృత్తిని అడ్డుకునే అలాంటి షరతు చెల్లదు. మా కోడ్‌నూ, మా ధరలనూ వాడకూడదన్న షరతు మాత్రం నిలుస్తుంది, కాబట్టి దాన్నే వివరంగా రాసుకోవడం మేలు. ఐటీ చట్టం సెక్షన్ 43లో నష్టం కలిగించే ఉద్దేశంతో సోర్స్ కోడ్ దొంగిలించడం గురించి 2008 సవరణ ద్వారా చేర్చిన ప్రత్యేక నిబంధన ఉంది. ఐదు కోట్ల రూపాయలు దాటని పరిహారం కోసం రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి స్థాయి అధికారి ముందుకు వెళ్లవచ్చు. అది మోసపూరితంగా చేసినదైతే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు కూడా ఉంది. 2005లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మొబైల్ ఫోన్లలోని ప్రోగ్రామును మార్చిన ఒక కేసులో, ఐటీ చట్టం సెక్షన్ 65, కాపీరైటు చట్టం సెక్షన్ 63 కింద దర్యాప్తును కొట్టివేయడానికి నిరాకరించింది. అంటే మన ప్రాంతపు కోర్టులకు ఈ విషయం కొత్తదేమీ కాదు.

దావా వేయడానికి ఊరు దాటి వెళ్లవలసి వస్తుందేమోనని చాలామంది వెనకాడతారు. కాపీరైటు చట్టం సెక్షన్ 62, ఉల్లంఘన దావాను హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులో వేసుకోనిస్తుంది. కాంట్రాక్టరు నోయిడాలో ఉన్నా, వ్యాపారం విశాఖపట్నంలోనే ఉన్నవారికి ఇది పెద్ద ఊరట. కానీ చూశారుగా, అది హక్కుదారుకు ఇచ్చిన వెసులుబాటు. బదిలీ పత్రం లేని యజమాని ఆ మెట్టు ఎక్కలేరు. కాపీరైటు నమోదు తప్పనిసరి కాకపోయినా సాక్ష్యంగా పనికొస్తుంది. 2021లో సవరించిన నియమాల ప్రకారం సోర్స్ కోడ్‌లో కనీసం మొదటి 10, చివరి 10 పేజీలు, ఏ వాక్యమూ చెరపకుండా, దరఖాస్తుతో పాటు ఇవ్వాలి. ఆ పేజీల్లో కీలు, పాస్‌వర్డులు లేవని చూసుకుని మరీ ఇవ్వండి.

పని ముగిసిన రోజున చేయవలసినవి ఒకే పూటలో అయిపోవాలి: రిపోజిటరీ నుంచి, సర్వరు నుంచి, డొమైను ఖాతా నుంచి కాంట్రాక్టరు పేరు తీసివేయడం, అతను చూసిన ప్రతి పాస్‌వర్డునూ, కీనీ మార్చడం, సర్వరులోకి దూరం నుంచి లాగిన్ కావడానికి వాడిన అతని ఎస్ఎస్‌హెచ్ కీ అక్కడ మిగిలి ఉందేమో చూడడం, తన దగ్గరి కాపీలు చెరిపేశానని సంతకంతో కూడిన ఒక ఈమెయిలు తీసుకోవడం. చెరిపేశాడో లేదో మనం వెళ్లి చూడలేము, కానీ ఆ మాట అతను రాసిచ్చిన కాగితానికి కోర్టులో బరువుంటుంది.

ఆ రోజే అతను తప్పకుండా ఒకటి అడుగుతాడు: ఈ పనిని నా పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా అని. చాలామంది యజమానులు ఆలోచించకుండా వద్దంటారు. నేను వారికి నచ్చజెప్పి, సంస్థ పేరూ, రెండు మూడు తెరల చిత్రాలూ, తాను ఏ భాగం రాశాడో నాలుగు వాక్యాలూ పెట్టుకోవడానికి అనుమతి రాయిస్తాను, కోడ్ మాత్రం పెట్టకూడదని స్పష్టం చేస్తూ. తర్వాతి ఉద్యోగం కోసం ఏదో ఒకటి చూపించక తప్పని కుర్రాడికి తెరల చిత్రాలు కూడా లేకుండా చేస్తే, చూపించడానికి అతని దగ్గర మిగిలేది కోడే.